వాకిట్లో కుర్చీలు... బకెట్లో విలన్!

సినిమాల్లో చూడండి! బంగళా ముందు పచ్చిక, దాని మీద మల్లెపువ్వుల్లాంటి తెల్లని కుర్చీలు. హీరోయిన్ గారు చీరకు మరకంటకుండా కూర్చుని కాఫీ తాగుతుంటారు. మరి మన వాకిట్లో కుర్చీల సంగతి? దుమ్ము, టీ మరకలు, పిట్టల రెట్టలు!

నిరుడు ఎండాకాలం జగిత్యాలలో మా చెల్లెలి పెళ్ళిచూపులు. పిల్లవాడి వాళ్ళది సిరిసిల్ల. 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమా పాటకొచ్చిన మన సినారె ఊరు హనుమాజీపేట ఆ జిల్లాలోదే. మా ప్లాస్టిక్ కుర్చీలు చాలక కోరుట్ల మామ ఇంటి నుంచి ఇనుప కుర్చీలు తెచ్చాం. వీటికి మురికి, వాటికి తుప్పు!

"నాకొదిలెయ్యండి" అంటూ హీరోలా బాత్రూంలోకి దూరాను. బకెట్లో బ్లీచింగ్ పౌడర్, దాని మీద బాత్రూం కడిగే యాసిడ్... అంతే! ఘాటు గుప్పుమంది. కళ్ళ వెంట నీళ్ళు, ఆగని దగ్గు. "ఓ బిడ్డా, బయటికి రా!" అంటూ అమ్మ రెక్క పట్టి వాకిట్లోకి గుంజింది. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే!

నేను తేరుకున్నాక అమ్మ డైరెక్షన్ మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలకు కుంకుడు రసం. మొండి మరకల మీద వంటసోడా ముద్ద పూసి, పది నిమిషాలాగి మెత్తటి గుడ్డతో రుద్దడం. ఇసుక, స్టీలు పీచు వద్దే వద్దు. గీతలు పడ్డాయా, మురికి అక్కడే కాపురం పెడుతుంది! ఇనుప కుర్చీల తుప్పుకు నిమ్మచెక్క, ఉప్పు. కడిగి, తడి లేకుండా తుడిచి, పల్చగా కొబ్బరినూనె రాసి, మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి. పేము కుర్చీలుంటే నానబెట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌కు మాత్రం ఏ మందూ లేదు. ముందునుంచే నీడన వేసుకోవాలి.

ఇక క్లైమాక్స్. సాయంత్రం వేపచెట్టు కింద చుట్టాలు కూర్చున్నారు. లేచినప్పుడు చూశాను... పెద్దాయన తెల్ల పంచెకు ఒక్క మరక లేదు! సంబంధం కుదిరిందా అంటారా? శుభం కార్డు పడింది!

కుర్చీ కాస్త మాసి ఉన్నా చుట్టాలు సర్దుకుంటారు. ఊపిరి పోతే ఎవరు తెచ్చిస్తారు? బ్లీచింగ్‌నూ, యాసిడ్‌నూ ఒకే సీన్లో పెట్టకండి... ఏమంటారు?