మోతీరామ్ కేసు

మోతీరామ్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో భారత సుప్రీంకోర్టు 1978 ఆగస్టు 24న వెలువరించిన తీర్పు, పేద నిందితుల బెయిలు విషయంలో ముఖ్యమైనది. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, జస్టిస్ డి.ఎ.దేశాయ్‌ల ధర్మాసనం ఈ తీర్పునిచ్చింది. నిందితుని స్తోమతకు మించిన జామీను కోరరాదని, తగిన సందర్భాలలో స్వంత పూచీకత్తుపైనే విడుదల చేయవచ్చునని ఇందులో స్పష్టం చేశారు.

బెయిలు, జామీను

నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషిగానే పరిగణింపబడతాడు. విచారణకు హాజరవుతాడన్న హామీ పొంది అతనిని విడుదల చేయడమే బెయిలు. హాజరు కాకపోతే నిర్ణీత సొమ్ము చెల్లిస్తానని నిందితుడే వ్రాసి ఇచ్చేది స్వంత పూచీకత్తు. అతడు రాకపోతే ఆ సొమ్ము తాము చెల్లిస్తామని ఇతరులు వ్రాసి ఇచ్చేది జామీను. జామీనుదారు సాధారణంగా తన ఆస్తికి రుజువులు చూపవలసి ఉంటుంది. కొన్ని సందర్భాలలో వీటికి బదులు నగదు డిపాజిట్‌ను అనుమతిస్తారు.

ఈ పద్ధతిలో ఒకే నేరారోపణ గల ఇద్దరిలో ఆస్తిపరులైన బంధువులు ఉన్నవాడు వెంటనే ఇల్లు చేరతాడు. ఎవరూ లేనివాడు బెయిలు మంజూరైనా జైలులోనే ఉండిపోతాడు. ఈలోగా అతని కూలి పోతుంది, కుటుంబం అప్పులపాలవుతుంది, కేసులో తన వాదనకు కావలసిన సాక్ష్యం సమకూర్చుకోవడం కష్టమవుతుంది.

కేసు పూర్వాపరాలు

మోతీరామ్ తాపీ పనివాడు. సుప్రీంకోర్టు అతనికి బెయిలు మంజూరు చేసి, షరతుల నిర్ణయాన్ని చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు వదిలింది. మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను కోరాడు. సోదరుడు జామీను ఉంటానన్నా, అతని ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదన్న కారణంతో అంగీకరించలేదు. దీనితో మోతీరామ్ తిరిగి సుప్రీంకోర్టును ఆశ్రయించాడు.

తీర్పులోని ముఖ్యాంశాలు

* బెయిలు అనగా జామీనుతో విడుదల మాత్రమే కాదు. జామీను లేకుండా స్వంత పూచీకత్తుపై విడుదల చేయడం కూడా అందులోకే వస్తుంది.
* పేదలు, పిన్న వయస్కులు, అశక్తులు, స్త్రీల విషయంలో న్యాయస్థానాలు ఉదారంగా వ్యవహరించాలి.
* జామీనుదారు గానీ, అతని ఆస్తి గానీ వేరొక జిల్లాలో లేక రాష్ట్రంలో ఉన్నదన్న కారణంతో జామీనును తిరస్కరించరాదు. బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు అక్కడ ఆస్తి గల జామీనుదారును ఎలా తేగలడని కోర్టు ప్రశ్నించింది.

మోతీరామ్‌ను 1,000 రూపాయల స్వంత పూచీకత్తుపై విడుదల చేయవలసిందిగా ఆదేశించారు. న్యూయార్కులో 1961లో ప్రారంభమైన మన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్టును కూడా తీర్పులో ప్రస్తావించారు. నివాసం, కుటుంబం, ఉద్యోగం వంటి అంశాలను పరిశీలించి, నిందితుని మాటపైనే విడుదలకు సిఫారసు చేసిన ప్రయోగమది.

తరువాతి పరిణామాలు

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళలోని విచారణ ఖైదీల దుస్థితి వెలుగులోకి వచ్చింది. తమపై మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్షాకాలాన్ని మించి జైలులో ఉన్నవారు అందులో ఉన్నారు. నిందితునికి సమాజంతో గల సంబంధాలు హాజరుకు తగిన హామీ కాగలవని జస్టిస్ పి.ఎన్.భగవతి వివరించారు.

2005 నాటి సవరణ ద్వారా, బెయిలుకు వీలున్న నేరాలలో అరెస్టయిన నాటి నుండి వారం లోపల జామీను సమకూర్చుకోలేనివారిని నిరుపేదలుగా భావించి, జామీను లేకుండా విడుదల చేయాలని చట్టంలో చేర్చారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షనులోనూ ఈ నియమం ఉంది. పూచీకత్తు మొత్తం మితిమీరి ఉండరాదని 484వ సెక్షను చెబుతుంది. అయితే బెయిలుకు వీలులేని నేరాలలో వారం గడువు నియమం వర్తించదు. షరతులు న్యాయస్థానం విచక్షణపైనే ఆధారపడతాయి.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరికొన్ని మార్గదర్శకాలు జారీ చేసింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివారి సమాచారం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చేరాలి. నెలలోగా జామీను సమర్పించలేకపోతే న్యాయస్థానం తానుగా షరతుల సడలింపును పరిశీలించవచ్చు. అదే సంవత్సరం కేంద్రప్రభుత్వం పేద ఖైదీల సహాయ పథకాన్ని ప్రకటించింది. 2023 నాటి నిబంధనల ప్రకారం విచారణ ఖైదీ బెయిలుకై 40,000 రూపాయల వరకు సహాయం లభించేది.

అమెరికాలో

అమెరికాలో నగదు బెయిలుపై ఇటువంటి వాదనే కొనసాగింది. నిందితుని చెల్లింపు శక్తిని పరిశీలించకుండా, కేవలం డబ్బు ఆధారంగా స్వేచ్ఛను నిర్ణయించడం రాజ్యాంగ విరుద్ధమని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుండి నగదు బెయిలును పూర్తిగా రద్దు చేసింది.

ప్రాముఖ్యత

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి భారతదేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వీరందరూ జామీను లేకనే నిర్బంధంలో ఉన్నారని చెప్పలేము. బెయిలు నిరాకరింపబడినవారు కూడా వీరిలో ఉన్నారు. అయితే బెయిలు ఉత్తర్వు వెలువడడం వేరు, నిందితుడు జైలు గుమ్మం దాటడం వేరు అని మోతీరామ్ కేసు తెలియజేసింది. నాలుగున్నర దశాబ్దాల తరువాత, 2023లో మళ్ళీ మార్గదర్శకాలు అవసరం కావడాన్ని బట్టి ఈ అంతరం పూర్తిగా తొలగలేదని గ్రహించవచ్చు.