మార్చిన తుంటికీలు మళ్లీ నొప్పెడితే

తుంటినొప్పి అనగానే వాతమని తలచి తైలమర్దనం చేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. మైపాడు తీరాన మా ఇంటా అదే జరిగింది. మా అమ్మగారిని పద్నాలుగేళ్లు సుఖంగా నడిపించిన కృత్రిమ కీలు వైపు గజ్జలో నొప్పి మొదలైంది. ఆరు నెలలు మహానారాయణ తైలం మర్దించి, ఇసుకమూటతో కాపడం పెట్టాను. ఆ కాలు పొట్టిదయ్యాక గాని నెల్లూరు తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించలేదు. కీలుగిన్నె వదులై పైకి జరిగింది. చుట్టూ ఎముక కరిగిపోయింది.

ఇందుకు కారణం రాపిడి. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ రూపొందించిన పద్ధతిలో లోహపు గుండు పాలిథిలిన్ గిన్నెలో తిరుగుతుంది. ఏళ్ల తరబడి రాలే సూక్ష్మరేణువులతో శరీరం పోరాడుతుంది; ఆ పోరులో చుట్టూ ఉన్న ఎముకే క్షీణిస్తుంది.

రెండవ శస్త్రచికిత్స మొదటిదానికన్నా కఠినమైనది. గిన్నె లోపలి పొర మాత్రమే అరిగితే దానిని మారిస్తే చాలు. గిన్నె కదిలితే గుంతలో దాత ఎముక ముక్కలు కూరి, కొత్త గిన్నెను మరలతో బిగిస్తారు. అమ్మగారికి చేసినది ఇదే. కాడ వదులైతే, అవసరాన్నిబట్టి తొడఎముక పైభాగాన్ని తలుపులా తెరచి, పాత కాడను, సిమెంటును తొలగించి, పొడవైన కాడను దిగువ గట్టి ఎముకలో నిలుపుతారు. చీముపడితే తరచుగా రెండు విడతలు తప్పవు: ముందు యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ, కొన్ని వారాలకు కొత్త కీలు.

అమ్మగారు నేడు చేతికర్రతో నడుస్తున్నారు. త్వరగా వెళ్లి ఉంటే ఎముక మరికొంత మిగిలేది. తైలం కండరాల బిగువును సడలించవచ్చు గాని, వదులైన కీలును బిగించలేదు. కాబట్టి కీలు మార్చుకున్నవారు నొప్పి లేకున్నా వైద్యులు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోవాలి. గజ్జలోగాని, తొడలోగాని కొత్తగా నొప్పి తోస్తే తైలపుసీసా తీయకముందే శస్త్రవైద్యుని దర్శించాలి.