అమెరికాలో బాతుల వేటకు షాట్‌గన్ కొంటున్నారా? శుభ్రం చేసే ముందు ఇది తప్పక తెలుసుకోండి!

కేపీహెచ్‌బీ, నిజాంపేట, ప్రగతినగర్.. కూకట్‌పల్లి చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా అమెరికాలో చదువుకునే పిల్లలున్న ఇల్లు ఒక్కటైనా కనిపిస్తుంది. అక్కడ పార్ట్‌టైమ్ జాబ్ ఉందా, రూమ్ అద్దె ఎంత, వంట ఎవరు చేస్తున్నారు.. ఇవన్నీ అమ్మానాన్నలు అడుగుతారు. కానీ ‘నీ రూమ్‌లో తుపాకీ ఉందా?’ అని ఎవరూ అడగరు. ఎందుకంటే స్టూడెంట్‌కి తుపాకీ ఎవరిస్తారులే అనుకుంటాం.

2024 నవంబర్‌లో జరిగిన ఘటన ఆ నమ్మకాన్ని కదిలించింది. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న హైదరాబాద్ విద్యార్థి ఒకరు తన వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయాడు. వేటలో కాదు, ఇంట్లోనే!

స్టూడెంట్ వీసాపై తుపాకీ కొనొచ్చా?

మామూలుగా అయితే కుదరదు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కానీ ఇందులో ఒక మినహాయింపు ఉంది. అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే కొనొచ్చు. షాట్‌గన్ కొనడానికి ఫెడరల్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితే చాలు. కొన్ని రాష్ట్రాల్లో రూల్స్ ఇంకా కఠినంగా ఉంటాయి.

చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. లైసెన్స్ కొన్న రోజున ఉంటే సరిపోదు. తుపాకీ మీ దగ్గర ఉన్నన్నాళ్లూ అది చెల్లుబాటులో ఉండాలి. వీసా స్టేటస్ పోతే మాత్రం లైసెన్స్ ఉన్నా లాభం లేదు. ఆయుధాల కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది.

బాతుల వేటకు సెమీ ఆటోమేటిక్ ఎందుకు?

నీటి పక్షులు ఒక్కసారిగా గుంపుగా లేస్తాయి. రెండో షాట్‌కి టైమ్ ఉండదు. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌లో ఒకసారి కాల్చగానే ఖాళీ షెల్ బయటికి పడిపోయి, తర్వాతి షెల్ దానంతట అదే చాంబర్‌లోకి వచ్చేస్తుంది. ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు.

వీటిలో రెండు రకాలున్నాయి.

గ్యాస్ రకం: పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తోనే మెకానిజం నడుస్తుంది. బెరెట్టా ఏ400 ఇలాంటిదే. భుజానికి తగిలే దెబ్బ తక్కువ, కొత్తవాళ్లకు సుఖం. కానీ పిస్టన్‌ దగ్గర మసి పేరుకుంటుంది కాబట్టి తరచూ శుభ్రం చేయాలి.

ఇనర్షియా రకం: తుపాకీ వెనక్కి తన్నే బలంతో, లోపలున్న స్ప్రింగ్ సాయంతో నడుస్తుంది. బెనెల్లీ తుపాకులు దీనికి పేరు. లోపల మసి తక్కువ, బురదలో, చలిలో నమ్మకంగా పనిచేస్తుంది. కానీ భుజానికి దెబ్బ కాస్త గట్టిగానే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 12 గేజ్, 3 అంగుళాల చాంబర్, 26 లేదా 28 అంగుళాల బ్యారెల్ ఉంటే సరిపోతుంది. దెబ్బ తట్టుకోలేం అనుకుంటే 20 గేజ్ చూసుకోవచ్చు. బ్రాండ్ కన్నా ముందు చూడాల్సింది తుపాకీ మీ భుజానికి సరిగ్గా కుదురుతోందా లేదా అన్నది. చలికాలం వేసుకునే మందపాటి కోటుతోనే ఎత్తి చూడండి.

ఈ రూల్స్ తప్పితే ఫైన్ ఖాయం

* బాతులు, పెద్ద బాతుల వేటలో సీసం గుళ్లు వాడకూడదు. 1991 నుంచి దేశమంతటా నిషేధం. నీళ్లలో పడిన గుళ్లను తిని పక్షులు విషంతో చనిపోతుండటమే కారణం. స్టీల్ లాంటి విషం లేని గుళ్లే వాడాలి.
* పాత తుపాకీల్లో స్టీల్ గుళ్లు వాడితే బ్యారెల్ పాడవుతుంది. సెకండ్ హ్యాండ్ కొంటే ముందు ఈ విషయం అడగండి.
* సాధారణ సీజన్‌లో తుపాకీలో మొత్తం మూడు షెల్స్‌ మించి పట్టకూడదు. అందుకే మ్యాగజైన్ ట్యూబ్‌లో ప్లగ్ పెడతారు. శుభ్రం చేసేటప్పుడు తీసిన ప్లగ్‌ను తిరిగి పెట్టడం మర్చిపోవద్దు.
* రాష్ట్ర లైసెన్స్‌తో పాటు, 16 ఏళ్లు దాటినవాళ్లకు 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ కూడా తప్పనిసరి.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. సెమీ ఆటోమేటిక్‌లో షెల్స్ రెండు చోట్ల ఉంటాయి. ఒకటి చాంబర్‌లో, మిగతావి బ్యారెల్ కింద ఉండే మ్యాగజైన్ ట్యూబ్‌లో. చాంబర్‌లోది తీసేసి ‘ఖాళీ అయిపోయింది’ అనుకుంటారు. బోల్ట్ మళ్లీ కదిలితే ట్యూబ్‌లోది చాంబర్‌లోకి ఎక్కే అవకాశం ఉంది. తుపాకీ మళ్లీ లోడ్ అయినట్టే!

అందుకే ఈ వరుస తప్పొద్దు:

1. బ్యారెల్ ఎవరి వైపూ, మీ వైపు కూడా లేకుండా తిప్పండి. సేఫ్టీ వేయండి. వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు.
2. ముందు ట్యూబ్‌లోవి, చాంబర్‌లోది అన్ని షెల్స్ తీసేయండి. మీ మోడల్‌లో ఎలా తీయాలో మాన్యువల్ చూడండి.
3. బోల్ట్‌ను వెనక్కి లాగి ఆపండి. చాంబర్‌లో, ట్యూబ్ మూతి దగ్గర కళ్లతో చూసి, వేలితో కూడా తడిమి చూడండి.
4. తీసిన షెల్స్ వేరే గదిలో పెట్టి రండి. శుభ్రం చేసే టేబుల్ మీద ఒక్క షెల్ కూడా ఉండకూడదు.
5. ఆ తర్వాతే బ్యారెల్ విప్పండి.

సేఫ్టీ ఉంది కదా అన్న ధీమా వద్దు. అదొక యంత్రం, అరిగిపోవచ్చు, ఫెయిల్ కావచ్చు. ఫ్రెండ్స్ ముందు చూపించడానికి తీయడం, ఫొటోల కోసం పట్టుకోవడం అస్సలు వద్దు.

మెయింటెనెన్స్ ఇలా

చెరువు నీళ్లు, బురద తగిలాయంటే ఆ రోజు సాయంత్రమే తుడవాలి. తడిగా కవర్‌లో పెట్టేస్తే తుప్పు పడుతుంది. బ్యారెల్‌ను వెనక వైపు నుంచి బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయండి. గ్యాస్ రకమైతే పిస్టన్ మసి గీకేయాలి. చోక్ ట్యూబ్‌ను అప్పుడప్పుడూ విప్పి కాస్త గ్రీజు రాయకపోతే బిగుసుకుపోతుంది. నూనె ఎక్కువైతే మంచిదనుకోవద్దు. గడ్డకట్టే చలిలో అది చిక్కబడి బోల్ట్‌ను నెమ్మదింపజేస్తుంది. పని అయ్యాక తుపాకీకి తాళం వేసి ఒకచోట, షెల్స్ మరోచోట ఉంచాలి. రూమ్మేట్స్ ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

ఇక్కడ మాత్రం నో!

సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడా ఒక ట్రిప్ వేద్దాం అనుకుంటే అంతే సంగతులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద మన దగ్గర అడవి బాతుల వేట నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కూకట్‌పల్లికి దగ్గర్లోని అమీన్‌పూర్ చెరువుకు చలికాలంలో వలస పక్షులు వస్తాయి. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం హోదా కూడా దక్కింది. అక్కడికి కెమెరాతో వెళ్లండి, చాలు.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. ఈసారి వీడియో కాల్‌లో ‘తిన్నావా నాన్నా’ తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి. రూమ్‌లో మీ అబ్బాయిదో, రూమ్మేట్‌దో తుపాకీ ఉందా? ఉంటే తాళం ఎవరి దగ్గరుంది? కోప్పడకుండా అడగండి. అప్పుడే నిజం చెప్తారు.