టూల్ పోస్టు విరిగితే చేలో ఇంజనూ ఆగుతుంది

తెనాలి: వరి కోతలయ్యాక వేసిన మొక్కజొన్న పీచు తీసే రోజుల్లో ఆయిలింజను పంపు షాఫ్టు అరిగిందంటే రైతుకు కాలూ చేయీ ఆడదు. ఆ దశలో తడి తప్పితే కంకికి గింజ సరిగా పట్టదు. పంపు విప్పుకుని రైతు పరుగెత్తేది దగ్గరలో ఉన్న లేత్ షాపుకే. తీరా వెళ్లేసరికి లేతే మూలపడి ఉంటే ఎకరాల పంట ఒక్క ఇనుప ముక్క కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ ముక్క పేరు టూల్ పోస్టు.

లేత్‌లో పని చేయవలసిన ఇనుము చక్‌లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని కోసే టూలు కదలకుండా నిలబడాలి. టూలును అలా బిగించి పట్టేదే టూల్ పోస్టు. చిన్న లేత్‌లకు ఎక్కువగా నాలుగు పలకల దిమ్మ ఉంటుంది. నాలుగు వైపులా గాళ్లు, పైన వరుసగా స్క్రూలు, నడుమ ఒక స్టడ్ బోల్టు, దాని మీద బిగించే పిడి. చూడ్డానికి చిన్నదే అయినా కోత బరువంతా దాని మీదే పడుతుంది.

స్పానరుకు పైపు తొడిగి బిగిస్తే పోత ఇనుము దిమ్మ పగులుతుంది. ఏళ్ల తరబడి వాడిన దానికి స్క్రూల మరలు అరిగి టూలు నిలవదు. పగిలినదాన్ని వెల్డింగు పెట్టించి సరిపెట్టుకుందామంటే, పోత ఇనుము మామూలు వెల్డింగుకు సరిగా లొంగదు. అతుకు పక్కనే మళ్లీ బీట ఇస్తుంది. తిరిగే లేత్ ముందు ముఖం పెట్టి పనిచేసే మేస్త్రీకి అది ప్రమాదం.

కొత్తది కొందామంటే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. చిన్న లేత్‌లు పంజాబులోని బటాలా, లుధియానాల నుంచీ, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచీ వస్తాయి. ఒక్కో తయారీదారు కొలత ఒక్కో రకం. హరిహర్‌లో 1941లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ లాంటి కంపెనీ మూతపడినా, దాని లేత్‌లు మాత్రం షాపుల్లో ఇంకా తిరుగుతున్నాయి. కాబట్టి విజయవాడ వెళ్లినా, సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినా ‘ఆరడుగుల లేత్‌కు టూల్ పోస్టు ఇవ్వండి’ అంటే సరిపోదు. కొలతలు చేతిలో ఉండాలి.

ఎత్తే ముఖ్యం

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎత్తు. టూలు మొన సరిగ్గా చక్ నడిమి ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైకి ఉంటే టూలు కోయకుండా రాసుకుంటుంది. కిందికి ఉంటే ఇనుము టూలు మీదికి ఎక్కి, మొన విరుగుతుంది.

పాత పోస్టు తీసేసి, టెయిల్ స్టాకులో మొనగల సెంటరు పెట్టాలి. పోస్టు కూర్చునే స్లైడ్ పై భాగం నుంచి సెంటరు మొన దాకా కొలవాలి. అది 25 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. వాడే టూలు మందం 12 మిల్లీమీటర్లు. అప్పుడు కొత్త పోస్టు గాడి అడుగు 13 మిల్లీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. 10 ఉంటే 3 మిల్లీమీటర్ల ప్యాకింగు వేసి లేపుకోవచ్చు. 16 ఉంటే టూలును దించే దారి లేదు. సన్నటి టూలు వాడాలి, లేదా దిమ్మ అడుగు చెక్కించాలి. అందుకే ఎత్తు తక్కువైన పోస్టు పనికొస్తుంది కానీ, ఎక్కువైనది వృథా ఖర్చు.

ప్యాకింగుకు పళ్లు అరగదీసిన పాత హాక్సా బ్లేడు ముక్కలు బాగా పనికొస్తాయి. అవి టూలు కింద గాడి పొడవునా పరచుకుని ఉండాలి.

మర చూసి కొనాలి

రెండో చిక్కు స్టడ్ బోల్టు మర. పాత లేత్‌లకు అంగుళాల మర, కొత్తవాటికి మిల్లీమీటర్ల మర ఉంటుంది. ఐదు బై ఎనిమిది అంగుళాల బోల్టు 15.88 మిల్లీమీటర్లు. దాని పక్కన 16 మిల్లీమీటర్ల బోల్టు పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటిదానికి అంగుళానికి 11 చుట్లు, అంటే చుట్టుకు 2.31 మిల్లీమీటర్లు. రెండోదానికి చుట్టుకు 2 మిల్లీమీటర్లు. ఒకదాని నట్టు రెండోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే రెండు మరలూ పాడవుతాయి. పాత నట్టును వెంట తీసుకెళ్లడం, పిచ్ గేజీతో చూపించుకోవడం మంచిది.

స్లైడ్‌లో టీ ఆకారపు గాడి ఉన్న లేత్‌లకు మరో జాగ్రత్త. స్టడ్ చివర కింది నట్టు దాటి గాడి అడుగును తాకితే, బిగించిన కొద్దీ ఆ నట్టు పైకి లేచి గాడి అంచును విరగ్గొడుతుంది. అప్పుడు పోయేది పోస్టు కాదు, స్లైడే.

చేయించుకోవచ్చు

సరైనది దొరక్కపోతే షేపరు గానీ, మిల్లింగు మిషను గానీ ఉన్న షాపులో చేయించుకోవచ్చు. పోత ఇనుముకు బదులు ఈఎన్-8 ఉక్కు దిమ్మ గట్టిగా నిలుస్తుంది. అడుగు చదునుగా ఉండాలి. నడిమి రంధ్రం స్టడ్‌కు వదులు లేకుండా కుదరాలి.

ఈలోగా రైతు పని ఆగకూడదంటే ఒక ఉపాయం ఉంది. బొటనవేలంత మందం ఇనుప పట్టీకి నడుమ రంధ్రం వేసి స్టడ్ మీదికి దించాలి. పట్టీ ఒక కొన కింద ప్యాకింగుతో టూలు, రెండో కొన కింద అంతే ఎత్తు దిమ్మ పెట్టి బిగించాలి. దీనితో పలుచటి కోతలే కోయాలి. టూలు బయటికి ఎక్కువగా పొడుచుకు రాకూడదు. పంపు షాఫ్టు సరిచేసి పంపడానికి ఈ ఏర్పాటు చాలు.

స్లైడ్ నుంచి సెంటరు ఎత్తు, టూలు మందం, స్టడ్ లావు, దాని మర. పోస్టు బాగున్న రోజునే ఈ నాలుగు కొలతలూ తీసి షాపు గోడ మీద రాసి ఉంచుకుంటే, విరిగిన రోజున మేస్త్రీకి ఒక్క ప్రయాణంతో పని అయిపోతుంది. చేలో తడి కూడా తప్పదు.