వెన్నెముకకు కదలికయే యాహారము

మన యిండ్లలో స్త్రీల నడుమునొప్పిని రోగముగా నెంచుట లేదు. జ్వరము వచ్చినచో మంచ మెక్కించి మందిత్తురు. నడుము నొచ్చుచున్నదనినచో "కాన్పులైన దేహము, వయసు మీఱినది, ఇక నింతే" యని సరిపెట్టుదురు. బాధపడు నామెయు నట్లే తలంచి నోరు మెదపక పనులు చేసికొనుచుండును. భరింపరాని దినమున మాత్రము మంచము పట్టును. ఈ రెండు మార్గములును మంచివి కావు. ఏల కావో తెలియుటకు వెన్నెముక నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

వెన్నెముక యనునది యొకే యెముక కాదు. పుట్టినపుడు దానిలో సాధారణముగా 33 పూస లుండును: మెడలో 7, ఱొమ్ము వెనుక 12, నడుములో 5, దాని దిగువ 5, కట్టకడపట 4. పెద్దవారమగు కొలది దిగువ తొమ్మిదియు కలిసి రెండెముకలగును. పైనున్న 24 పూసలు మాత్రము విడివిడిగా కదలుచుండును. వీనిలో పెక్కింటి నడుమ మెత్తని బిళ్లలు కలవు. బిళ్లకు వెలుపల గట్టి నారపొరలును, లోపల జిగురువంటి గుజ్జును ఉండును. పెద్దలలో నీ బిళ్ల లోపలికి నెత్తురునాళములు పోవు. దానికి వలసిన పోషణ ప్రక్కనున్న పూసలనుండి మెల్లగా నూరి రావలసినదే. మనము లేచినపుడును, నడచినపుడును, వంగి లేచినపుడును బిళ్ల యొత్తుకొని మరల విప్పారును. ఈ యొత్తిడి సడలింపులు నీరును పోషకములును లోనికి వచ్చుటకు తోడ్పడును. మోకాలు మొదలగు కీళ్లలో నెముకల కొనలను కప్పియుండు మృదులాస్థికిని నెత్తురునాళములు లేవు. అదియు కీలులోని జిడ్డునీటివలన, కదలిక సాయమున బ్రతుకుచున్నది. కావున వెన్నునకును కీళ్లకును కదలిక యాహారమువంటిది.

మన యవ్వలు తిరగలి విసరిరి, రోకటితో దంచిరి, నూతినీరు చేదిరి, చంకను బిందెలు మోసిరి. వారికి నడుమునొప్పి లేకుండెననుట నిజము కాదు. నేటికిని వరినాట్లు వేయు స్త్రీలు ప్రొద్దంతయు బురదలో వంగియే యుందురు. వారి నడుములను అడిగిన చెప్పును. పట్టణములలో మిక్సీ, గ్రైండరు, బట్టలుతుకు యంత్రము వచ్చి బరువును తగ్గించినవి. దానితోపాటు కదలికయు తగ్గినది. వంటగట్టు నొద్ద గంటలకొలది నిలుచుట, కార్యాలయమున కంప్యూటరు ముందు కూర్చుండుట, రాత్రి సెల్‌ఫోను మీదికి మెడ వంచుట నిత్యకృత్యములైనవి. చేనిలో లేవలేని యామెకును, కుర్చీలోనుండి లేవని యామెకును ఉన్న చిక్కు ఒక్కటే: ఒకే భంగిమలో దేహము చాలసేపు నిలిచిపోవుట. ఇది యే యొక్క దేశపు బాధయు కాదు. 2020వ సంవత్సరమున లోకమందు సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో నుండిరనియు, వారిలో స్త్రీలే యెక్కువయనియు ప్రపంచారోగ్యసంస్థ తెలిపినది.

నొప్పి రాగానే పడుకొనవలెనను సలహా చిరకాలము వైద్యులును ఇచ్చుచు వచ్చిరి. ఫిన్లండు రాజధానియగు హెల్సింకీలో దీనిని పరీక్షించి 1995లో ఫలితములు ప్రకటించిరి. కొత్తగా నడుము పట్టినవారిలో కొందఱిని రెండు దినములు మంచముననే యుంచిరి. కొందఱిచేత ప్రత్యేక వ్యాయామములు చేయించిరి. తక్కినవారిని నొప్పి సహించునంత మేరకు మామూలు పనులు చేసికొనుడనిరి. మామూలు పనులు చేసికొన్నవారే ముందుగా కోలుకొనిరి. కావున తీవ్రమైన నొప్పిలో నొకటి రెండు దినములు కొంత విశ్రమించినను, గంటకొకమారైన లేచి యింటిలో నాలుగడుగులు వేయుట మేలు.

చిత్రము తీయించి "బిళ్ల జాఱినది" యని వినగానే బెదరిపోవు సోదరీమణులు పెక్కండ్రు. నడుమునొప్పి యెఱుగని 98 మందికి ఎం.ఆర్‌.ఐ. తీసి చూడగా, వారిలో సగము కంటె నెక్కువమందికి నొక బిళ్లయైనను ఉబ్బి కనబడినట్లు 1994లో అమెరికాలో ప్రకటింపబడెను. తల నెరసినట్లే బిళ్లయు వయసుతో మాఱును. కావున చిత్రమును మాత్రమే చూచి భయపడరాదు. బాధ యెట్టిది, కాళ్ల బలమెట్లున్నదియను వానితో కలిపి వైద్యుడు దానిని చూడవలెను.

ఇపుడు కైరోప్రాక్టరుల గుఱించి తఱచుగా వినుచున్నాము. వెన్నుపూసలను చేతులతో నొత్తి సరిచేయు నీ పద్ధతిని డి. డి. పామర్ అనునాతడు 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టు నగరమున ప్రారంభించెను. రోగములన్నిటికిని దాదాపుగా పూసలు తొలగుటయే కారణమని యాతని వాదము. నేటి శాస్త్రము దాని నంగీకరింపదు. అయినను నడుమునొప్పికి నిపుణుని చేతి చికిత్సవలన కొంత యుపశమనము కలుగునని పరీక్షలు చెప్పుచున్నవి. ఒత్తినపుడు వినవచ్చు "టక్కు"మను శబ్దము పూస స్వస్థానమునకు వచ్చిన గుఱుతు కాదు. కీలునీటిలోని వాయువు చేయు చప్పుడది. ఈ చికిత్సయందు మెడ విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. మెడను హఠాత్తుగా త్రిప్పుటచేత, అరుదుగానైనను, మెదడునకు పోవు ధమని చీలి పక్షవాతము వచ్చుట కలదు. క్షౌరశాలలో మెడ విఱిపించుకొను నలవాటున్న మగవారికిని ఈ మాట చెప్పుడు. మంచి కైరోప్రాక్టరైనను, ఫిజియోథెరపిస్టయినను తన చేతిపని కంటె మీరింటివద్ద చేసికొనవలసిన దానినే యెక్కువగా బోధించును.

అట్టి బోధలో మొదటిది వంగు పద్ధతి. తలుపు కీలుమీద తిరిగినట్లు మనము తుంటివద్ద వంగవలెను, మోకాళ్లును మడవవలెను. బిందె నెత్తునపుడు దాని దగ్గఱకు పోయి, కాళ్లు కొంచెము ఎడముగా నుంచి, మోకాళ్లు మడచి, బిందెను పొట్టకు చేర్చి లేవవలెను. ఎత్తిన బరువుతో నడుము మెలిదిప్పక, పాదములతోనే తిరుగవలెను. నిండు గ్యాసుబండ సుమారు 30 కిలోల బరువు. దాని నొంటరిగా నెత్తవలదు. చంటిబిడ్డను ఎల్లపుడు నొకే చంకను గాక, ఇరువైపుల మార్చి యెత్తుకొనవలెను. వంటగట్టు నొద్ద చిన్న పీటవేసి, కొంతసేపొక పాదమును, కొంతసేపు రెండవ పాదమును దానిపై నుంచినచో నడుమునకు హాయి కలుగును. కత్తిపీట ముందు కూర్చున్నను, కుర్చీలో కూర్చున్నను, అరగంటకొకమారు లేచి నిలువవలెను. ముగ్గు పెట్టునపుడును చుక్కలు పూర్తికాగానే యొకసారి నిటారుగా నిలిచి, తరువాత గీతలు కలుపవచ్చును.

ఇక వ్యాయామము. ఆస్ట్రేలియాలో నడుమునొప్పినుండి కోలుకొన్న 701 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2024లో వెలువడినవి. క్రమముగా నడక నేర్పబడినవారికి నొప్పి తిరిగి వచ్చుటకు మధ్యస్థముగా 208 దినములు పట్టెను. అట్లు నేర్పబడనివారికి 112 దినములే పట్టెను. నడకకు పైకము వలదు. పది నిమిషములతో మొదలిడి, వారము వారమునకు కొంచెము పెంచి, అరగంటకు తెచ్చుకొనవచ్చును. దానికి తోడు రెండు చిన్న సాధనలు చాలును. వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడచి, పిఱుదులను మెల్లగా పైకెత్తి అయిదు లెక్కించునంతసే పుంచి దింపవలెను. చేతుల యానిక లేకుండ కుర్చీలోనుండి లేచి మరల కూర్చుండవలెను. ఇది మోకాళ్లను కాపాడు తొడకండరములకు బలమిచ్చును. ఒక్కొక్కటి పదిమారులు, వారమునకు మూడు నాలుగు దినములు చేయవలెను. గర్భిణులు వైద్యుని యడిగి చేయుట మంచిది.

ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు త్వరగా పలుచబడును. అప్పుడు నడక, కొంత యెండ, కాల్షియముగల యాహారము మఱింత యవసరము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మన రాగిజావ, రాగిసంకటి ఇందుకు చక్కగా నుపకరించును.

కదలికతో తీరని నొప్పులును కొన్ని కలవు. నొప్పితో జ్వరము, కారణములేక చిక్కిపోవుట, పడినపిమ్మట వచ్చిన తీవ్రమైన బాధ, రాత్రి నిద్రపట్టనీయని నొప్పి, పూర్వము పుట్టకురుపు వచ్చియుండుట — ఇవి యున్నచో ఆలసింపక వైద్యుని చూడవలెను. కాలు బలహీనమగుట, తొడల నడుమ స్పర్శ తెలియకపోవుట, మూత్రము నిలిచిపోవుట, మలమూత్రములు వశము తప్పుట కనబడినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను; ఒక్క దినపు టాలస్యమున శాశ్వతముగా నష్టము కలుగవచ్చును. మన స్త్రీలు సిగ్గుచే దాచునవి సరిగా నివియే. అత్తతోనో, భర్తతోనో, కూతురితోనో ఒక్క మాట చెప్పుట యందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. విన్నవారును "ఇక నింతే" యనక వెంటనే బండి కట్టించవలెను.