మోచేయి చెప్పే మాట

ఉద్దేశం: నిత్యం సైకిలుపై ప్రయాణించేవారికి మోచేతిలో కలిగే నొప్పికి కారణాలను, నివారణ మార్గాలను శాస్త్రీయంగా వివరించడం.

సైకిలు సామాన్యుని వాహనం. పాలకేంద్రానికి క్యాన్లు మోసుకుపోయే రైతు, తెల్లవారకముందే వార్తాపత్రికలు పంచే యువకుడు, పక్క ఊరి కళాశాలకు వెళ్లే విద్యార్థిని – వీరందరికీ అది నిత్యావసరం. దానికి ఇంధనం అక్కరలేదు. అది పొగ విడువదు. గుండెకు, ఊపిరితిత్తులకు అది చక్కని వ్యాయామం. అయితే ఏ శ్రమ అయినా శరీర నిర్మాణానికి అనుగుణంగా సాగినప్పుడే మేలు చేస్తుంది. సైకిలు తొక్కేవి కాళ్లే అయినా, ఆ శ్రమలో చేతులకూ గణనీయమైన వాటా ఉంది. దానిని మనం గుర్తించం. మోచేయి నొప్పి పెట్టినప్పుడు కూడా దానికి సైకిలు కారణం కావచ్చునని చాలామందికి తోచదు.

శరీరానికి కలిగే గాయాలు రెండు విధాలు. సైకిలు మీద నుంచి పడినప్పుడు చర్మం చీరుకుపోవడం, ఎముక విరగడం మొదటి రకం. అది క్షణంలో జరుగుతుంది, కంటికి కనబడుతుంది. రెండవది అతివాడుక వల్ల కలిగే గాయం. ఒకే కదలికను లేదా ఒకే భంగిమను విరామం లేకుండా కొనసాగించినప్పుడు కణజాలం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. విశ్రాంతి లభిస్తే శరీరం తనను తాను బాగుచేసుకుంటుంది. బాగుపడే వేగం కంటే దెబ్బతినే వేగం ఎక్కువైనప్పుడు నొప్పి మొదలవుతుంది. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పే వ్యక్తి గంటలో 3,600 సార్లు ఒక్కొక్క కాలిని మడిచి చాపుతాడు. చేతుల స్థితి ఇందుకు భిన్నం. అవి కదలకుండా బిగిసి ఉండి ప్రతి కుదుపునూ భరిస్తాయి. చేదతాడు ఒరిపిడికి బావిగట్టు రాయి కోత పడినట్లే, చిన్న చిన్న కుదుపులు గట్టి కీలును సైతం అలసింపజేస్తాయి.

మోచేయి మూడు ఎముకల కూడలి. పైనుంచి దిగివచ్చే భుజాస్థి, ముంజేతిలోని రత్ని, అరత్ని అనే ఎముకలు ఇక్కడ కలుస్తాయి. భుజాస్థి కింది చివర ఇరుపక్కలా చిన్న బుడిపెలు ఉంటాయి. మణికట్టును పైకెత్తే కండరాలు బయటి బుడిపెకు, కిందికి వంచే కండరాలు లోపలి బుడిపెకు స్నాయుబంధనాల ద్వారా అతుక్కొని ఉంటాయి. స్నాయుబంధనానికి కండరానికి ఉన్నంత రక్తప్రసరణ ఉండదు. అందువల్ల అది దెబ్బతింటే మెల్లగా కోలుకుంటుంది. లోపలి బుడిపె వెనుక గాడిలో అరత్ని నాడి సాగుతుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమని పాకేది ఈ నాడి స్పందనే.

సైకిలు మీద ముందుకు వంగి కూర్చున్నప్పుడు శరీర భారంలో కొంత చేతుల మీద పడుతుంది. మోచేతులను కొద్దిగా వంచి ఉంచితే కండరాలు స్ప్రింగుల వలె కుదుపును మింగివేస్తాయి. కర్రల వలె చాపి ఉంచితే గతుకుల తాకిడి మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి, మెడకు నేరుగా పాకుతుంది. ఫ్రాన్సులో 1896లో ప్రారంభమైన పారిస్–రూబే పందెం ఇందుకు మంచి ఉదాహరణ. 250 కిలోమీటర్లకు పైగా సాగే ఈ పురుషుల పందెంలో సుమారు 50 కిలోమీటర్లు రాళ్లు పరచిన పాతకాలపు బాటలే. అక్కడ ఆరితేరిన క్రీడాకారులు వెడల్పు టైర్లు వాడతారు, వాటిలో గాలి తగ్గిస్తారు, మోచేతులు వంచి పిడికిలి సడలించి పట్టుకుంటారు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత భద్రమనే మన నమ్మకానికి వారి అనుభవం పూర్తిగా విరుద్ధం.

పిడికిలి బిగించినప్పుడు మణికట్టు వంగిపోకుండా నిలిపేవి బయటి బుడిపెకు అంటిన కండరాలే. గంటల తరబడి హ్యాండిలును బిగించి పట్టుకోవడం, బిగుసుకుపోయిన బ్రేకును పదేపదే నొక్కడం వల్ల అక్కడి స్నాయుబంధనం దెబ్బతింటుంది. ఈ బాధకు టెన్నిస్ ఎల్బో అని పేరు. 1873లో రుంగే అనే జర్మన్ వైద్యుడు దీనిని వర్ణించినప్పుడు టెన్నిస్ ప్రసక్తే లేదు. ఆయన దీనిని రాతపనితో ముడిపెట్టాడు. టెన్నిస్ పేరు 1880ల్లో వచ్చి చేరింది. ఈ విషయం విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగినది. హ్యాండిలు పట్టుకునే చేయి, కలం పట్టుకునే చేయి ఒకటే. ఉదయం గతుకుల దారిలో అలసిన కండరమే మధ్యాహ్నం మూడు గంటల పరీక్ష రాయవలసి ఉంటుంది.

నాడి మీద ఒత్తిడి వల్ల కలిగే బాధ మరొకటి. అరచేతి అంచుతో హ్యాండిలును అదిమిపెట్టి చాలాసేపు ప్రయాణించేవారికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మోచేతిని మరీ ఎక్కువగా మడిచి ఉంచినా అదే నాడి సాగి ఇబ్బంది పెడుతుంది. దిగిన కొద్దిసేపటికి తిమ్మిరి తగ్గిపోతే భయం లేదు. తగ్గకుండా నిలిచి, పట్టు సడలుతుంటే ఆలస్యం తగదు. చాలాకాలం నలిగిన నాడి వల్ల అరచేతి కండరాలు క్షీణిస్తాయి. అప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

సైకిలు తొక్కేవారిలో మోకాలి నొప్పి, నడుము నొప్పి మరింత సాధారణం. వాటికీ మోచేతి నొప్పికీ మూలం తరచు ఒకటే: మనిషి కొలతకు సరిపోని సైకిలు. అన్న తొక్కిన పెద్ద సైకిలును చెల్లెలు తొక్కవలసి వచ్చే ఇళ్లు మనకు కొత్త కాదు. హ్యాండిలు అందక చేతులు పూర్తిగా చాపవలసి వస్తే మోచేయి బాధపడుతుంది. కొత్త సైకిలు కొనే స్తోమత లేకపోయినా పానా ఒకటి చేతికందితే కొంత సరిదిద్దుకోవచ్చు. మడమను పెడల్ మీద ఉంచి దానిని అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు నిటారుగా సాగితే సీటు ఎత్తు సరిపోయినట్లే. సీటు ముందుకు వాలి ఉంటే శరీరం జారి భారమంతా చేతుల మీద పడుతుంది; కనుక దానిని సమతలంగా బిగించాలి. పుస్తకాల సంచిని హ్యాండిలుకు తగిలించక వెనుక క్యారియర్‌కు కట్టాలి. టైరు పక్కన ముద్రించిన పరిమితిని మించి గాలి కొట్టరాదు. దారిలో చేతుల స్థానాన్ని తరచు మార్చుకోవాలి. దూరాన్ని ఒక్కసారిగా కాక క్రమంగా పెంచుకోవాలి.

నొప్పి కలిగినప్పుడు మొదటి చికిత్స భారాన్ని తగ్గించడమే. చేతిని పూర్తిగా కట్టిపడవేయనవసరం లేదు. తేలికైన వ్యాయామాలతో స్నాయుబంధనాన్ని మెల్లగా బలపరచడం ఫిజియోథెరపీ లక్ష్యం. వెంటనే ఉపశమనం కోరి స్టిరాయిడ్ ఇంజెక్షను వేయించుకునేవారున్నారు. 2006లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన 198 మంది టెన్నిస్ ఎల్బో రోగులను పరిశీలించింది. ఇంజెక్షను పొందినవారు ఆరు వారాలకు బాగా కోలుకున్నట్లు కనిపించారు. ఏడాది గడిచేసరికి, ఫిజియోథెరపీ పొందినవారి కంటే వారి పరిస్థితి వెనుకబడింది. తాత్కాలిక ఉపశమనం, నిజమైన స్వస్థత ఒకటి కావని దీనివల్ల తెలుస్తున్నది. వాపు, జ్వరం, చేతిలో బలహీనత, తగ్గని తిమ్మిరి ఉంటే వైద్యుని తప్పక సంప్రదించాలి.

నొప్పిని పంటి బిగువున ఓర్చుకోవడాన్ని కష్టజీవి గొప్పతనంగా మెచ్చుకోవడం మనకు అలవాటు. కానీ రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ఆ రెక్కే పెట్టుబడి. అది కుంటుపడితే కుటుంబ జీవనోపాధే కుంటుపడుతుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటే, మోచేయి మెల్లగా మాట్లాడినప్పుడే దాని మాట వినడం వివేకం.

అభ్యాసం

అర్థాలు
స్నాయుబంధనం = కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ
ఒరిపిడి = రాపిడి
స్వస్థత = ఆరోగ్యం

ప్రశ్నలు
1. అతివాడుక గాయం ఏ విధంగా ఏర్పడుతుంది?
2. మోచేతులను వంచి ఉంచడం వల్ల కలిగే మేలును సోదాహరణంగా వివరించండి.
3. 'ఆ రెక్కే పెట్టుబడి' అనే మాటలోని అంతరార్థాన్ని మీ పరిసరాల్లోని శ్రామికుల జీవితంతో అన్వయించి రాయండి.