చింతతోపు – రాబోవు పంట

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో చింతచెట్టు లేని ఊరు కానరాదు. బాట ప్రక్కను, చేనిగట్టున, చెరువుకట్టల చెంత ఈ చెట్లు తరతరములుగా నిలిచియున్నవి. నాటినవారొకరు, ఫలమనుభవించువారు వేరొకరు. కరవునకు వెరవని చెట్టగుటచే రైతు దీనిని గూర్చి ఆలోచించునది పెక్కుచోట్ల ఏటికొకసారియే. అదియు గుత్తదారు వచ్చి వాకిట నిలిచినప్పుడు. ఆ ఒక్కనాటి బేరములో ఏడాది రాబడి తేలిపోవును. కావున రాబోవు పంటను రైతు తానే అంచనా వేసికొనుట యెట్లో ఇచ్చట వివరింపదలచితిమి.

వేసవిలో చింతకు క్రొత్త చిగురు పుట్టును. ఆ లేతకొమ్మల చివరలనే పూగుత్తులు వెడలును. పూత ముఖ్యముగా మే మొదలు జూలై వరకు ఉండును. పిందె కట్టి, కాయ ఊరి, పండగుటకు ఎనిమిది మాసములకు పైగా పట్టును. సంక్రాంతి దాటిన పిమ్మట దులుపు మొదలై ఏప్రిల్ వరకు సాగును. చింతచిగురు పప్పు అందరకు ప్రియమైనదే. కాని ఒకే చెట్టున చిగురంతయు దూసినచో ఆ యేటి పూతకు లోటు కలుగునని మరువరాదు.

పంటను అంచనా వేయుటకు ముందుగా నిరుటి కాపును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విరగకాచిన చెట్టు తాను దాచుకొన్న ఆహారమును వ్యయపరచి, మరుసటి యేడు తరచు కాపు తగ్గించును. మన మామిడిలో పెక్కు రకములకును, అమెరికాలో పెంచు పెకాన్ అను గింజచెట్టునకును ఈ గుణమే కలదు. పిమ్మట పూతవేళ గాలివానలు తగిలినవా యని చూడవలెను. పూతను చూచి మురిసి బేరమాడరాదు. పూత, పిందె రాలగా నిలిచిన కాయయే లెక్క. కార్తీకమాసమున తోపులో తిరిగి, నిండుగా కాచినవి, నడితరముగా కాచినవి, కాపు లేనివి వేరువేరుగా లెక్కించుట మేలు. అటుపై కాయ పండువేళ వాన పడినచో బూజు, పురుగు సోకి సరకు చెడునను భయము మిగిలియుండును.

బాగుగా ఎదిగిన చెట్టు మంచి యేట 150 నుండి 200 కిలోల కాయ నిచ్చును. 100 కిలోల కాయలో గుజ్జు సుమారు 55 కిలోలు. గింజ 34, పెంకు, ఈనెలు కలిసి 11. అనగా 150 కిలోల కాయ కాచిన చెట్టునుండి 80 కిలోలకు పైగా పండు రావలెను. అందుండి దులుపు కూలిని, పెంకు తీసి గింజ కొట్టు స్త్రీల కూలిని మినహాయించి చూచిన, గుత్తదారు చెప్పు ధర న్యాయమో కాదో తెలియగలదు.

పెంకు పెళుసై, లోని గుజ్జు దానినుండి విడివడి, తట్టిన డొల్లగా మ్రోగినచో కాయ పండినట్లు. కొమ్మలను ఊపి దులుపవలెను. గడలతో బాదినచో రేపు పూయవలసిన లేతకొమ్మలు విరుగును. ఈ నష్టము గుత్తదారునిది కాదు, చెట్టుగలవానిది. కావున ఈ నియమమును ఒప్పందమునందే చేర్చుకొనవలెను. పండును బాగుగా ఎండబెట్టి తేమ తగులకుండ దాచవలెను. శీతల గిడ్డంగిలో నుంచినచో రంగు త్వరగా నల్లబడదు. చింతకాయను తొలుచు పెంకుపురుగు వేరుశనగకును సోకును గనుక ఈ రెంటిని ఒకే గదిలో నిలువచేయరాదు.

క్రొత్తగా నాటదలచినవారు అంటుమొక్కలను ఎన్నుకొనుట మంచిది. గింజమొలక కాపునకు ఎనిమిది, పది సంవత్సరములు పట్టగా, అంటు నాలుగైదేండ్లకే కాచును. పది మీటర్ల ఎడమున ఎకరమునకు 40 మొక్కలు పట్టును. పెరియకుళము నుండి వచ్చిన పి.కె.ఎం.–1 ప్రసిద్ధమైన రకము. తెట్టు అమలిక యను రకము పేరు మదనపల్లె చెంతనున్న తెట్టు గ్రామమును తలపించును.

తాత నాటిన చెట్టు మనుమనికిని అన్నము పెట్టవలెనన్న, ఈ యేటి పంటను దులుపునప్పుడే వచ్చే యేటి కొమ్మను కాపాడుకొనవలెను.